నాడికి గీటురాయి

రేడియో గల యిండ్లవారికి ఒక అలవాటు సుపరిచితము. వార్తలకు ముందు వినవచ్చు కాలసూచిక ధ్వనులను ఆలకించి, గోడగడియారపు ముల్లును ముందునకో వెనుకకో జరిపి సరిదిద్దుకొనుట. ఈ చిన్న పనిలో ఒక పెద్ద న్యాయము ఇమిడియున్నది. తాను చూపు వేళ సరియైనదని గడియారము తానై రుజువు చేయజాలదు. పొరుగింటి గడియారముతో పోల్చినను సందేహము తీరదు. రెండును ఒక్కటే తప్పును చూపుచుండవచ్చును. తనకంటె నమ్మదగిన దానితో పోల్చినప్పుడే దాని తప్పొప్పులు తేలును. బంగారమునకు గీటురాయి యెట్టిదో, కొలత సాధనమునకు అంతకంటె మేలైన సాధనము అట్టిది.

నేడు అనేకుల మణికట్టులపై ఒక క్రొత్త తరహా గడియారము కానవచ్చుచున్నది. అది వేళతోపాటు, ధరించినవారి గుండె నిమిషమునకు ఎన్నిమారులు కొట్టుకొనుచున్నదో కూడ చూపును. వేకువనే నడకకు పోవు పెద్దలు, పరుగుపందెములకు సాధన చేయు యువకులు, గుండెజబ్బునకు చికిత్స పొంది యిల్లు చేరినవారు, అందరును ఆ అంకెవంక చూచుచుందురు. అది హెచ్చిన కలవరపడుదురు. తగ్గిన నిశ్చింతగా నుందురు. అంకె తప్పైనచో కలవరము వృథా యగును. నిశ్చింత అంతకంటె ప్రమాదకరము కావచ్చును. కనుక ఆ అంకెను నమ్మవచ్చునా, నమ్మినచో ఎంతవరకు నమ్మవలెను అను ప్రశ్న ప్రతి యింటికిని సంబంధించినదే. ఈ ప్రశ్న నిన్న మొన్న పుట్టినది కాదు. నాడిని కొలుచు సాధనము పుట్టిన నాటినుండియు, ఆ సాధనమును దేనితో సరిచూడవలెను అను విచారణ దానిని వెన్నంటియే వచ్చినది. ఆ విచారణ చరిత్రను ఇచ్చట స్థూలముగా తెలుపుదుము.

క్రీస్తుపూర్వము 300 ప్రాంతమున ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరమున హీరోఫిలస్ అను గ్రీకు వైద్యుడుండెను. అతడు నాడిని కొలుచుటకు నీటిగడియారమును వాడెనని మార్సెల్లినస్ అను తరువాతి గ్రంథకర్త వ్రాసియున్నాడు. ఆ గడియారము చూపు నియమితకాలములో ఆరోగ్యవంతుని నాడి ఎన్నిమారులు కొట్టుకొనవలెనో హీరోఫిలస్ వయస్సును బట్టి నిర్ణయించుకొనెను. రోగి నాడి ఆ సంఖ్యను ఎంత మించునో జ్వరము అంత తీవ్రమని ఎంచెను. నాడిని వ్రేళ్లతో తాకి ఊరకుండక, వెలుపలి సాధనమొకదానితో పోల్చి సంఖ్యగా నిర్ణయించుటకు మనకు తెలిసిన తొలి ప్రయత్నములలో ఇది యొకటి.

మన దేశమున నాడీపరీక్ష వేరొక త్రోవ పట్టెను. చరక, సుశ్రుత సంహితలలో దానికి ప్రత్యేక స్థానము కానరాదు. తరువాతి కాలపు శార్ఙ్గధర సంహితలో అది స్పష్టముగా కనబడును. పామువలె, జలగవలె నడచు నాడి వాతమును. కాకివలె, కప్పవలె గంతులిడు నాడి పిత్తమును. హంసవలె, పావురమువలె మెల్లగా సాగు నాడి కఫమును తెలుపునని అందు చెప్పబడినది. తెలుగునాట వైద్యులు ఆదరించిన బసవరాజీయమునందును నాడీపరీక్ష ప్రసక్తి కలదు. ఈ పద్ధతిలో వైద్యుడు వెదకునది నాడి నడకను. ఆ నడకను గుర్తించు నేర్పు చిరకాలాభ్యాసముచే వ్రేళ్లకు అబ్బవలెను. అందుచేత ఒకరి వ్రేళ్లకు తోచినదానిని మరియొకరి వ్రేళ్లతో సరిచూచుట కష్టము. సంఖ్యకు ఈ చిక్కు తక్కువ. ఇద్దరు వేరువేరుగా లెక్కించి పోల్చుకొనవచ్చును. అయినను నాడి చెప్పు సంగతులలో సంఖ్య యొకటి మాత్రమే యని మన పూర్వులు ఎఱిగియుండిరి. ఈ మాట మరల ముందు అవసరమగును.

ఐరోపాలో 16వ శతాబ్దము చివరను, 17వ శతాబ్దము మొదటను ఒక విచిత్రమైన తారుమారు జరిగెను. పీసా నగరపు ప్రధాన దేవాలయమున ఊగుచున్న దీపమును యువకుడైన గెలీలియో చూచి, ఊపు పెద్దదైనను చిన్నదైనను ఒకే కాలము పట్టుచున్నదని తన నాడిని పట్టుకొని లెక్కించెనని అతని శిష్యుడు వివియాని వ్రాసెను. ఈ కథ అక్షరాల జరిగినను జరుగకున్నను అందలి భావము గమనింపదగినది. అచ్చట నాడియే గడియారము. పరీక్షకు నిలిచినది లోలకము. కొలది యేండ్లలోనే ఈ సంబంధము తలక్రిందులయ్యెను. ఇటలీ దేశపు వైద్యుడు, తరువాత పాడువా విశ్వవిద్యాలయమున ఆచార్యుడు అయిన సాంటోరియో అను నాతడు పల్సిలోజియము అను సాధనమును కల్పించెను. దారమునకు గుండు కట్టి ఊపి, ఆ ఊపు రోగి నాడితో కలియువరకు దారమును పొడిగించుటయో కుదించుటయో చేసి, అప్పటి దారము పొడవును గుర్తించుకొనెడివాడు. దారము పొట్టిదైన నాడి వడిగలది, పొడవైనదైన నెమ్మదిగలది. రోగి నేటి నాడిని నిన్నటి నాడితో పోల్చుటకు ఆ పొడవే ఆధారమయ్యెను. గెలీలియో కథలో సాక్ష్యము చెప్పిన నాడి ఇచ్చట విచారణకు నిలిచెను. విచారణకు నిలిచిన లోలకము సాక్షి యయ్యెను.

1656లో హాలెండు దేశీయుడగు హైగెన్స్ లోలకపు గడియారమును రూపొందించిన పిదప కాలమానమున నమ్మకము పెరిగెను. ఇంగ్లండులో లిచ్‌ఫీల్డ్ పట్టణమున వైద్యవృత్తిలో నుండిన సర్ జాన్ ఫ్లాయర్ దీనిని నాడీపరీక్షకు వినియోగింపదలచెను. శామ్యూల్ వాట్సన్ అను గడియారపు పనివానిచే, సరిగా ఒక్క నిమిషము నడచు గడియారమును చేయించి, దానిని గూర్చి 1707లో ఒక గ్రంథమును ప్రకటించెను. వయస్సు, ఋతువు, ఆహారము, వ్యాయామము మొదలగు వానిని బట్టి నాడిసంఖ్య ఎట్లు మారునో అందు పట్టికలుగా వ్రాసెను. చైనావారి నాడీశాస్త్రమును కూడ ఆ గ్రంథమున చేర్చెను. నాడిని నిమిషమునకు ఇన్నిమారులని చెప్పు నేటి వాడుకకు ఫ్లాయర్ గడియారము పెద్ద ఊతము. ఐనను వైద్యులందరును గడియారము చేతబట్టి నాడిని లెక్కించుట సామాన్యమగుటకు మరి నూరేండ్లకు పైగా పట్టెను.

19వ శతాబ్దమున నాడి తన గతిని తానే వ్రాయుట నేర్చెను. 1860లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు మారే మణికట్టుపై కట్టుకొను యంత్రమును నిర్మించెను. రక్తనాళపు కదలికచే ఒక చిన్న మీట లేచి పడుచు, పొగచూరిన కాగితముపై గీతను గీయును. మణికట్టుపై ధరించి నాడిని చూపు సాధనములకు ఇదియే పెద్ద యనవచ్చును. కాని యది చూపునది నాడిని, గుండెను కాదు. గుండె కండర మందలి విద్యుచ్ఛక్తిని శరీరమునకు వెలుపలనుండి గ్రహింపవచ్చునని 1887లో లండనులో వాలర్ చూపెను. హాలెండులోని లైడెన్ నగరమున ఐంథోవెన్ అతిసూక్ష్మమైన తీగెతో విద్యున్మాపకమును రూపొందించి, 20వ శతాబ్దారంభమున ఆ విద్యుత్తును స్పష్టమైన గీతగా పట్టెను. ఆ యంత్రము బరువు సుమారు 270 కిలోలు. నడుపుటకు ఐదుగురు కావలసియుండెను. రోగి తన చేతులను, పాదమును ఉప్పునీటి పాత్రలలో నుంచి కూర్చుండెడివాడు. ఈ కృషికి ఐంథోవెన్ 1924లో నోబెల్ బహుమానమును పొందెను. ఇ.సి.జి. అని మనము నేడు పిలుచునది ఈ గీతనే. గుండెవేగమును కొలుచు సాధనములన్నిటికిని అదియే గీటురాయి యయ్యెను.

గుండెకును నాడికిని భేదమేమని మీరు అడుగవచ్చును. సామాన్యముగా గుండె ఒకమారు కొట్టుకొనిన నాడియు ఒకమారు కొట్టుకొనును. కాని గుండె పైగదులు క్రమము తప్పి అదరు జబ్బు ఒకటి కలదు. అప్పుడు కొన్ని స్పందనములు చాల త్వరపడి వచ్చుటచే గుండె రక్తముతో నిండకమునుపే ముడుచుకొనును. అట్టి బలహీనమైన అల మణికట్టువరకు రాదు. రొమ్ముపై ఆలకించువానికి నూటయిరువది వినబడగా, మణికట్టు పట్టినవానికి తొంబదియే తగులవచ్చును. ఇద్దరును తప్పు లెక్కింపలేదు. వారు లెక్కించిన వస్తువులే వేరు. మణికట్టు గడియారపు పరీక్షలో ఈ భేదమును ఎన్నడును మరువరాదు.

ఇ.సి.జి. గీటురాయి యైనను అది మంచముపై కదలక పండుకొనినవారి గీతగానే చిరకాలముండెను. నడచుచు, పని చేయుచు నున్నవాని గుండె యెట్లున్నదో తెలిసికొను మార్గమేది? ఇచ్చట రేడియో అక్కరకు వచ్చెను. అమెరికాలోని మోంటానా రాష్ట్రమున హెలీనా పట్టణవాసి నార్మన్ హోల్టర్ సుమారు 38 కిలోల బరువుగల యంత్రసామగ్రిని వీపున మోసికొని, తన గుండె విద్యుత్తును రేడియో తరంగములద్వారా ప్రసారము చేయించెను. ఆ పద్ధతి 1949లో ప్రకటింపబడెను. పాటలను మాటలను ఇంటింటికి మోసికొనివచ్చు తరంగములే మానవుని గుండె స్పందనమును కూడ మోసినవి. 1961 నాటికి హోల్టర్ సామగ్రి ఎంతో తేలికయై, దినచర్యలో నున్నవాని గుండెగతిని గంటల తరబడి నమోదు చేయు సాధనముగా మారెను. నేటికిని వైద్యులు రోగికి అమర్చి పంపు అట్టి యంత్రమును హోల్టర్ పేరనే పిలుచుచున్నారు. కదలుచున్న మనుష్యునిపై ధరించు గడియారమును పరీక్షించుట దీనివలననే సాధ్యమయ్యెను.

ఇక ఆ గడియారము పనిచేయు విధమును చూతము. దాని అడుగుభాగమున ఆకుపచ్చ కాంతిని వెదజల్లు చిన్న దీపములును, కాంతిని గ్రహించు కన్నును ఉండును. రక్తము ఆకుపచ్చ కాంతిని బాగుగా పీల్చుకొనును. గుండె కొట్టుకొనినప్పుడెల్ల చర్మము క్రింది సన్నని నాళములలో రక్తము హెచ్చును. అప్పుడు తిరిగివచ్చు కాంతి కొంచెము తగ్గును. ఈ తగ్గుదలలను లెక్కించి గడియారము అంకెను చూపును. కాంతితో చర్మమందలి రక్తప్రసారమును గుర్తించు ఈ పద్ధతిని 1930ల చివర అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున హెర్ట్స్‌మన్ విస్తారముగా పరిశోధించెను. సాధనము చర్మమునకు చక్కగా అంటియుండవలెననియు, అట్లని రక్తము తొలగిపోవునంత గట్టిగా నొక్కరాదనియు, చర్మముపై అది కదలరాదనియు హెర్ట్స్‌మన్ ఆ కాలముననే హెచ్చరించెను. పరుగెత్తుచున్నవాని చేతికి కట్టిన గడియారము ఈ మూడవ నియమమును పాటించుట యెట్లు? ఈ కాంతిగడియారముల చిక్కులలో పెక్కు ఆ హెచ్చరికలోనే ఉన్నవి.

ఆ చిక్కులలో ఒకటి మరింత విచిత్రమైనది. నడచునప్పుడును పరుగెత్తునప్పుడును చేయి లయబద్ధముగా ఊగును. ఆ ఊపుతో చర్మము క్రింది రక్తమును కదలును. గడియారము ఒక్కొక్కప్పుడు గుండెను విడిచి అడుగులను లెక్కింపసాగును. పరుగెత్తువాడు నిమిషమునకు 160 మొదలు 180 వరకు అడుగులు వేయుట సాధారణము. గుండె 130 మారులే కొట్టుకొనుచుండగా గడియారము 170 అని చూపినచో, అది బహుశః పాదముల లెక్క. ఈ దోషమును తొలగించుటకు తయారీదారులు కదలికను కనిపెట్టు మరియొక గ్రాహకమును చేర్చి, దాని లెక్కను తీసివేయు గణితమును వాడుచున్నారు. ఆ గణితము ఏ సంస్థకా సంస్థ రహస్యము. అందుచేత లోపలి లెక్కను తరచిచూచుటకు వీలులేదు. బయటికి వచ్చు అంకెను గీటురాయిపై గీచి చూచుటయే మార్గము.

కాంతిగడియారములకు ముందే రొమ్ముపట్టీలు వచ్చినవి. ఫిన్లాండు దేశమున సెప్పో సాయ్‌నాయకాంగస్ 1977లో స్థాపించిన పోలార్ అను సంస్థ, తీగెలు లేకుండ గుండెవేగమును చేతిగడియారమునకు తెలుపు సాధనమును 1982లో విడుదల చేసెను. రొమ్మునకు కట్టుకొను పట్టీ గుండె విద్యుత్తును నేరుగా గ్రహించును. అనగా అది ఇ.సి.జి. జాతికి చెందినది. 1988లో కెనడా పరిశోధకులు లెజే, తివియెర్జ్ అనువారు అంగళ్లలో దొరకు 13 సాధనములను ఇ.సి.జి.తో పోల్చి చూచిరి. రొమ్మున విద్యుత్తును గ్రహించునవి చక్కగా నిలిచినవి; తక్కినవానిలో పెక్కు వ్యాయామమునకు పనికిరానివిగా తేలినవి. కొనువారి పక్షమున జరిగిన ఇట్టి పరీక్షలలో ఇది తొలినాటిది.

పరీక్షించుటకును ఒక శాస్త్రము కలదు. 1986లో బ్లాండ్, ఆల్ట్‌మన్ అను ఇద్దరు ఇంగ్లండు గణాంకశాస్త్రజ్ఞులు లాన్సెట్ అను వైద్యపత్రికలో ఒక వ్యాసమును ప్రకటించిరి. రెండు సాధనముల అంకెలు కలిసి హెచ్చి కలిసి తగ్గినంతమాత్రమున అవి ఏకీభవించినట్లు కాదని వారు నిరూపించిరి. ఒక గడియారము ఎల్లప్పుడును నిజముకంటె పది హెచ్చుగా చూపునని అనుకొందము. గుండె 70 అయిన అది 80 అనును. 120 అయిన 130 అనును. రెండింటి సహసంబంధము సంపూర్ణము. కాని గడియారము చెప్పిన ప్రతి మాటయు తప్పే. కావున ప్రతి కొలతకును ఎంత తేడా వచ్చినదో, ఆ తేడాలు ఏ హద్దుల మధ్య వ్యాపించియున్నవో చూపవలెనని వారు కోరిరి. సగటున తేడా లేదని చెప్పిన గడియారము ఒకమారు ఇరువది హెచ్చుగను ఒకమారు ఇరువది తక్కువగను చూపవచ్చును. రోగికి కావలసినది సగటు కాదు; ఆ క్షణమున తన గుండె లెక్క.

2015 నాటికి కాంతిగడియారములు విరివిగా అమ్ముడుపోసాగెను. 2016 జనవరిలో అమెరికాలో కొందరు కొనుగోలుదారులు, కఠినవ్యాయామమున తమ గడియారములు గుండెవేగమును తక్కువగా చూపుచున్నవని ఒక సంస్థపై దావా వేసిరి. సంస్థ ఆ ఆరోపణను కాదనెను. విశ్వసనీయమైన పరీక్షలకు అప్పుడు గిరాకి పెరిగెను. క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు 50 మంది ఆరోగ్యవంతులను కదలు పట్టాపై నడిపించి, పరుగెత్తించి, నాలుగు రకముల మణికట్టు సాధనములను, ఒక రొమ్ముపట్టీని ఇ.సి.జి.తో పోల్చిరి. పూర్తి ఏకీభావమునకు 1 అని గుర్తు నుంచిన, రొమ్ముపట్టీకి 0.99 వచ్చెను, మణికట్టు సాధనములకు 0.83 మొదలు 0.91 వరకు వచ్చెను. ఈ ఫలితములు 2017లో అచ్చయినవి.

ఆ యేటనే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు 60 మందిపై ఏడు సాధనములను పరీక్షించిరి. ఏడింటిలో ఆరు గుండెవేగమున 5 శాతమునకు లోపు తప్పుతో నిలిచినవి. ఇచ్చట మన నడకరులు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. సైకిలు తొక్కునప్పుడు తప్పు మిక్కిలి తక్కువ, నడచునప్పుడు హెచ్చు. సైకిలు పిడిని పట్టుకొనిన చేయి కదలదు గనుక ఇది ఆశ్చర్యము కాదు. ఇక శరీరము వ్యయము చేసిన శక్తిని, అనగా కాలరీలను, ఏ సాధనమును సరిగా చెప్పలేదు. అన్నిటికంటె మేలైనదే సగటున 27 శాతము తప్పగా, అన్నిటికంటె హీనమైనది 93 శాతము తప్పెను. ఒకే గడియారపు ముఖముపై ప్రక్కప్రక్కన వెలుగు రెండు అంకెలలో ఒకటి నమ్మదగినది, ఒకటి నమ్మరానిది. చూపరికి రెండును ఒకే తీరున నిశ్చయముగా కనబడుటయే ఇందలి అపాయము. మరియొకటి: పరీక్షింపబడిన ఆ ఏడింటిలో రెండింటి అమ్మకము 2016లోనే నిలిచిపోయెను. పరీక్ష ఫలితము అచ్చగులోపల వస్తువు అంగడినుండి పోవుచున్నది.

చర్మపు వర్ణము ప్రశ్న మనకు మరింత దగ్గరిది. చర్మమునకు నలుపునిచ్చు పదార్థము కాంతిని పీల్చుకొనును. స్టాన్‌ఫర్డ్ పరీక్షలో చామన, నలుపు వర్ణములవారియెడ తప్పు కొంత హెచ్చుగా కానవచ్చెను. 2020లో డ్యూక్ విశ్వవిద్యాలయమువారు అన్ని వర్ణములవారిని సమముగా చేర్చి 53 మందిపై పరీక్షింపగా, వర్ణమువలన చెప్పుకోదగిన భేదము కానరాలేదు. విశ్రాంతిలోకంటె కదలికలో తప్పు సగటున 30 శాతము హెచ్చని తేలెను. అట్లని నిశ్చింత పడుటకు లేదు. ఆ యేటి చివరనే, వ్రేలికి తగిలించి ప్రాణవాయువును కొలుచు కాంతిసాధనమును గూర్చి అమెరికాలో ఒక పరిశీలన వెలువడెను. ఆ సాధనము కొందరికి ప్రాణవాయువు చాలినంత ఉన్నదని చూపగా, రక్తమును పరీక్షించిన అది ప్రమాదకరముగ తక్కువగా నుండెను. ఇట్లు మోసపోయినవారు తెల్లజాతి రోగులలో 3.6 శాతము, నల్లజాతి రోగులలో 11.7 శాతము. ఆ సాధనము అప్పటికే దశాబ్దములుగా ఆసుపత్రులలో వాడుకలో నున్నది. ఒకచోట ఒకరిపై జరిగిన పరీక్ష మరియొకచోట మరియొకరికి పూచీ కాజాలదని దీనివలన తెలియుచున్నది.

దోషములనే చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. గుండె పైగదులు అదరు జబ్బును గడియారము పసికట్టగలదా యని 4,19,297 మందిపై అమెరికాలో జరిగిన అధ్యయనము 2019లో ప్రకటింపబడెను. వారిలో నూటికి ఒకరికంటె తక్కువమందికే, అనగా 0.52 శాతమునకే, గడియారము హెచ్చరిక నిచ్చెను. హెచ్చరిక వచ్చిన వేళనే ఇ.సి.జి. పట్టీని ధరించియున్నవారియందు పోల్చి చూడగా, నూటికి 84 హెచ్చరికలు నిజమైనవి. 2018 నుండి కొన్ని గడియారములు ఇ.సి.జి. గీతను కూడ తీయుచున్నవి. ఎడమచేతికి గడియారమును కట్టి, కుడిచేతి వ్రేలిని దాని ప్రక్కనున్న మీటపై ఉంచవలెను. ఒక చేతినుండి మరియొక చేతికి కొలుచు ఈ పద్ధతి ఐంథోవెన్ మొదటి పద్ధతియే. 270 కిలోల యంత్రము నూరేండ్లలో మణికట్టుపైకి వచ్చెను. కాని దానిని చదువుటకు నేర్పుగల వైద్యుడు నేటికిని కావలెను.

ఇన్ని పరీక్షల సారము ఒక యింటికి ఎట్లుపయోగపడును? మీ గడియారమును మీరే పరీక్షింపవచ్చును. అందుకు ఫ్లాయర్ సామగ్రి చాలును. సెకండుల ముల్లుగల గడియారము నొకదానిని ఎదుట నుంచుకొనుడు. ఐదు నిమిషములు కదలక కూర్చుండి, బొటనవ్రేలి మొదటనున్న నాడిని మరియొక చేతి రెండు వ్రేళ్లతో తాకుడు. నిండు నిమిషము లెక్కింపుడు. పదునైదు సెకండులు లెక్కించి నాలుగుతో గుణించిన, జారిపోయిన ఒక్క స్పందనము నాలుగగును. లెక్క ముగియువరకు చేతిగడియారపు అంకెను చూడరాదు. చూచిన మనస్సు ఆ అంకెవైపే మొగ్గును. లెక్కించువారు ఒకరు, అంకెను వ్రాయువారు మరియొకరు అయిన మరింత మేలు. కూర్చుండి ఐదుమారులు, నడచివచ్చిన వెంటనే ఐదుమారులు ఇట్లు చేసి, రెండు వరుసలుగా వ్రాసి పోల్చుకొనుడు. ఆసుపత్రులలో గుండెను కనిపెట్టు యంత్రములకు అమెరికా ప్రమాణము అనుమతించిన హద్దు పదింట ఒక వంతు లేక ఐదు స్పందనములు, రెండింటిలో ఏది హెచ్చైన అది. మీ గడియారము విశ్రాంతిలో ఆ హద్దునకు లోబడియుండి, నడకలో దాటిపోవుచుండిన, దేనికి దానిని నమ్మవలెనో మీకు తెలిసినట్లే.

మీ వ్రేళ్లకు నాడి క్రమము తప్పి తగిలినచో ఈ పరీక్షను అచ్చటనే ఆపి వైద్యుని దర్శింపుడు. అప్పుడు మణికట్టు లెక్క గుండె లెక్క కాకపోవచ్చునని పైన చెప్పియుంటిమి. రొమ్మునొప్పి, ఆయాసము, కన్నులు తిరుగుట వంటివి కలిగినప్పుడు అంకె బాగున్నదని జాగుచేయరాదు. అంకెను చూచి మందును మీరై హెచ్చించుటయు తగ్గించుటయు తగదు. శార్ఙ్గధరుడు నాడి నడకను చూడుమనెను. నేటి గడియారము ప్రధానముగా సంఖ్యను చూపును. నడకను, మనుష్యుని, అతని బాధను చూచువాడు వైద్యుడు.

హీరోఫిలస్ నీటిగడియారము మొదలు నేటి కాంతిగడియారము వరకు ఏ సాధనమును తన మాటకు తానే సాక్షి కాలేదు. ప్రతిదియు ఒకనాడు మరియొకదాని ఎదుట నిలిచి లెక్క చెప్పవలసివచ్చెను. అట్లు నిలిపి అడిగినవారివలననే కొలతలు బాగుపడినవి. కాలసూచిక విని గోడగడియారమును సరిదిద్దుకొనిన యింటివారికి ఈ న్యాయము క్రొత్తది కాదు. చేతినున్న గడియారమునకును దానిని వర్తింపజేయుట మాత్రమే మిగిలియున్నది. అందుకు కావలసినవి రెండు వ్రేళ్లు, ఒక్క నిమిషము.